గిటారుకి ఆది

స్వర్ణలత ఆది లేకుండా కత్తెర పట్టదు. ఆర్మూర్‌లో ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒంటికి సరిగ్గా అతికిన పాత జాకెట్టు ఒకటి కొలతకు ఆదిగా సంచిలో పెట్టుకొని రావాల్సిందే. టేపు పెట్టి కొలవమంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. "టేపు అబద్ధం చెప్తది, ఆది చెప్పది" అంటుంది. అందులో నిజమెంతో మనకెందుకు గానీ, ఆమె కుట్టిన జాకెట్టు బిగుతైందనో వదులైందనో తిరిగొచ్చిన రోజు మాత్రం లేదు. అందుకే, మొగుడికి గిటారు చేయించాలని బుద్ధి పుట్టినప్పుడు కూడా ఆమె చేసిన మొదటి పని అటక మీది పాత గిటారును దించి, దుప్పట్లో చుట్టి, ఆటో ఎక్కించుకొని పెర్కిట్ దారిలో ఉన్న రయీస్ దుకాణానికి మోసుకుపోవడం.

రయీస్ హైదరాబాద్‌లో గిటార్లు చేసే కార్ఖానాలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఊరి మీద మనసు పీకి తిరిగొచ్చినవాడు. ఆర్మూర్‌లో గిటార్లు చేయించుకునేవాళ్ళు ఎందరుంటారు? పెళ్ళి మంచాలు, సోఫాలు, తలుపులు, ఇవే అతనికి అన్నం పెడుతున్నాయి. ఎప్పుడైనా గిటారు పని వచ్చిందంటే మాత్రం అతని ముఖం చూసి తీరాలి. ఆ రోజు దుప్పటి విప్పగానే అతని ముఖం అట్లాగే వెలిగిపోయింది.

"ఏమక్కా, రిపేరా?"

"రిపేర్ కాదు భాయ్, గిది ఆది. గిట్లాంటిదే కొత్తది చెయ్యాలె. మా ఆయన చెయ్యికి పనికొచ్చేటట్టు."

రయీస్ రంపం పక్కన పెట్టాడు. ఆమె మొగుడు మత్తయి చేతి సంగతి ఆ ఊళ్ళో తెలియనిదెవరికి?

"అయితే ఆయనను తీస్కరా. చెయ్యి చూడాలె గదా."

"ఆయన వస్తడా? నాకే చూపియ్యడు. దస్తీ చుట్టుకొనే కాంటా కాడ కూసుంటడు, దస్తీ చుట్టుకొనే పంటడు." స్వర్ణలత తన ఎడమ చెయ్యి చాపి, నడిమి మూడు వేళ్ళనూ లోపలికి ముడిచి చూపించింది. "గివి మూడు లెవ్వు. బొటనేలు, చిటికెనేలు ఉన్నయి. గంతే, ఇగ చెయ్యి."

రయీస్ గడ్డం గోక్కున్నాడు. "ఎడమ చెయ్యితోటి తీగెలు నొక్కుడు కష్టం మల్ల. తిప్పి చేస్త. కుడి చెయ్యి నొక్కాలె, ఎడమ చెయ్యి మీటాలె. మీటే బిళ్ళను దస్తీ మీదికెల్లే కట్టుకోవచ్చు. గని అక్కా, మనిషిని అడగకుండ చేసుడు..."

"నేను ఆయన పెండ్లాన్ని. నాకు తెల్వదా? ఈస్టర్ కల్లా ఇయ్యి. ఆయన చెవుల మాత్రం వెయ్యకు."

ఈస్టర్ అని ఆమె ఊరికే అనలేదు. ఈస్టర్ రోజు తెల్లవారుజామున చర్చి జనమంతా గుట్ట ఎక్కి, రాళ్ళ మీద కూర్చొని, సూర్యుడు పొడిచే వేళకు ఆరాధన మొదలుపెడతారు. మొదటి పాట మత్తయిదీ స్వర్ణలతదీ. పెళ్ళికి ముందు నుంచీ అంతే. అతను గిటారు మీటేవాడు, ఆమె పాడేది. ఎక్కడ గొంతెత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమెకు ఆ గిటారే చెప్పేది. నిజం చెప్పాలంటే వాళ్ళ ప్రేమ పుట్టింది కూడా ఆ రాళ్ళ మీదే, అందరూ కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే వీళ్ళిద్దరు మాత్రం తెరుచుకొని ఉన్నప్పుడు.

పోయినేడు పసుపు సీజన్లో ఆ పాట ఆగిపోయింది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను మెరుగు పెట్టే పెద్ద ఇనుప డ్రమ్ము దగ్గర మత్తయి పని. తిరుగుతున్న డ్రమ్ములో చెయ్యి పెట్టవద్దని కల్లంలో అందరి మీదా నెత్తీనోరూ కొట్టుకునేది అతనే. ఆ రోజు ఏ దయ్యం పట్టిందో, మూత దగ్గర ఇరుక్కున్న కొమ్మును లాగబోయాడు. దవాఖాన నుంచి వచ్చాక గిటారు అటకెక్కింది, చేతికి దస్తీ ఎక్కింది, పని డ్రమ్ము దగ్గర నుంచి తూకం కాంటా దగ్గరికి మారింది. ఆ ఈస్టర్‌కు ఇద్దరూ తలుపులు వేసుకొని ఇంట్లోనే కూర్చున్నారు. కుట్టు మిషన్ తొక్కుతూ లోకం మరిచి పాడే మనిషి కూనిరాగం కూడా మానేసింది. ఈసారి కూడా గుట్ట ఎక్కకపోతే ఇక ఈ ఇంట్లో పాట పోయినట్టేనని ఆమె భయం. ఆ భయం పట్టుకున్న రోజు నుంచీ ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

రయీస్ మాట తప్పలేదు. ఈస్టర్ ఇంకా చాలా రోజులుండగానే గిటారు తెచ్చి మంచం మీద పెట్టి పోయాడు. ఎంత బాగుందని! నునుపు తేలిన టేకు, అంచుల వెంబడి సన్నటి గీత, మీటే చోట చెయ్యి ఆనించుకోవడానికి మెత్తగా వంపు తిప్పిన మూల. సాయంత్రం మత్తయి మోచేతుల దాకా పసుపు పొడితో వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక్క క్షణం అతని కళ్ళు మెరిశాయి. స్వర్ణలత అది చూసింది, గెలిచాననుకుంది.

చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ గిటారు మెడ ఎడమ పక్కకే పోయింది. సర్దుకొని కుడి పక్కకు తిప్పాడు. ఇన్నేళ్ళుగా మీటడం తప్ప మరేమీ తెలియని కుడి చేతి వేళ్ళు తీగెల మీద తడబడ్డాయి. దస్తీ మీద కట్టుకున్న బిళ్ళ ఒకసారి తీగెకు తగిలితే రెండుసార్లు చెక్కకు తగిలింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ. కడకు గిటారును మెల్లగా మంచం మీద పెట్టేశాడు. విసిరికొట్టినా బాగుండేదని స్వర్ణలతకు అనిపించింది.

"మంచిగున్నది. ఎవ్వలికన్న ఇచ్చెయ్యి."

"ఒక్క దినంల వస్తదా? జర నేర్చుకోవాలె గదయ్యా..."

"నన్నడిగినవా?" మత్తయి గొంతు లేచింది. "చెయ్యి ఎవ్వలిది? నీదా, నాదా? నన్నొక్క మాట అడిగినవా?"

"అడిగితే చెప్పేటోనివే మరి! ఏడాది సంది ఉలుకు లేదు పలుకు లేదు. గోడతోటి మాట్లాడినా నయమే!"

అతను చెప్పులేసుకొని బయటికి పోయాడు. ఆమె కూర్చొని ఏడ్చింది. ఏడుస్తూనే అన్నం వండింది, ఎందుకంటే కోపమొచ్చినా మనిషికి ఆకలి వేస్తుంది కదా.

మర్నాడు పొద్దున నర్సవ్వ వచ్చింది, కూతురికి జాకెట్లు కుట్టాలని. సంచిలోంచి పాత జాకెట్టు తీసి ముందర పెట్టింది. స్వర్ణలత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గయ్యిమంది.

"గిది పిల్ల పుట్టకముందుది గదా నర్సవ్వా? గిప్పుడు ఆమె ఒళ్ళెట్లున్నదో గిదేం చెప్తది? మనిషి మారినంక పాత ఆది ఎందుకు పనికొస్తది? పో, పోయి మనిషినే తీస్కరా."

అన్నదే గానీ, ఆ మాట తన చెవిన పడగానే కత్తెర చేతిలోనే ఉండిపోయింది. నర్సవ్వ ఇంకా ఏదో అంటోంది, ఈమెకు వినబడలేదు. తను చేసిందేమిటి? నిండా ఐదు వేళ్ళున్నప్పటి మత్తయి గిటారును దింపుకుపోయి ఆది ఇచ్చింది. మనిషిని తీసుకురమ్మని రయీస్ అంటే, అన్నీ నాకే తెలుసని మూతి తిప్పింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నర్సవ్వ అటు పోగానే మిషన్ మీద గుడ్డ కప్పి, కొత్త గిటారు తీసుకొని రయీస్ దుకాణానికి నడిచింది.

రయీస్ ఏమీ అనుకోలేదు. "నాది కూడ తప్పే అక్కా. గట్టిగ చెప్పాల్సింది" అన్నాడు. దుకాణం గుమ్మం దగ్గర కుర్చీలో అతని తండ్రి అహ్మద్ కూర్చొని ఉన్నాడు. పశువుల అంగడిలో పేరుమోసిన దళారి ఒకప్పుడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఆ కుర్చీలోంచే దారిన పోయే బర్రెలన్నిటికీ ధర కడుతుంటాడు. స్వర్ణలత చెప్పిందంతా విని భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"చెయ్యి చూపియ్యడా?"

"చూపియ్యడు చాచా."

"చూపియ్యమని ఎవ్వలన్నరు బేటీ? అంగడిల మేం ఎన్నడన్న చేతులు చూపిచ్చి బేరమాడినమా? తువ్వాల కింద చెయ్యి కలిపితే వేళ్ళే మాట్లాడుకుంటయి. సుట్టూత వెయ్యి మంది ఉండనీ, ఎవ్వనికీ తెల్వది." అని లోపలికి తిరిగి కోడల్ని కేకేశాడు. "కుబ్రా! రేపు చపాతీలకు పిండి పిసికేటప్పుడు ఒక ముద్ద ఎక్కువ పిసుకు. జర గట్టిగ ఉండాలె."

ఆ ముద్ద ఎందుకో స్వర్ణలతకు అర్థం కాలేదు. అడిగితే ముసలాయన నవ్వాడంతే.

మర్నాడు సాయంత్రం రయీస్ బండి మీద తండ్రిని తెచ్చి దింపి పోయాడు. మత్తయి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఎడ్లు కొన్నా అమ్మినా అహ్మద్ చేతుల మీదుగానే.

"సలామ్ చాచా. గింత దూరం వచ్చినవేంది?"

"బేరానికొచ్చిన."

"నా కాడ అమ్మేటందుకు ఏమున్నది చాచా?"

"ఉన్నది. చెయ్యి ఇయ్యి." అహ్మద్ తువ్వాల తీసి తన కుడి చేతి మీద పరిచాడు.

మత్తయి ముఖం రాయిలా బిగుసుకుంది. వంటింటి గుమ్మంలో స్వర్ణలత తలుపు చెక్క పట్టుకొని నిలబడింది. ఇప్పుడు ఈయన లేచి పోతే చాచా ముందర తల ఎట్లా ఎత్తుకోవాలి?

"నేను గోడ దిక్కు చూస్తున్న రా" అన్నాడు అహ్మద్, నిజంగానే గోడ వైపు తిరిగి. "అంగడిల ఎన్నడన్న తువ్వాల లేపి చూసిన్నా? మీ నాయననే అడుగుదువు, ఉంటే."

కడకు మత్తయి దస్తీ చెయ్యి మెల్లగా తువ్వాల కిందికి పోయింది. ఇంకాసేపటికి తువ్వాల కిందినుంచి దస్తీ జారి నేల మీద పడింది. స్వర్ణలత దాన్ని తీయడానికి ఒక అడుగు వేసి, మళ్ళీ ఆగిపోయింది.

తువ్వాల కదులుతోంది. కింద ఏం జరుగుతోందో ఆమెకు కనబడదు. అహ్మద్ కళ్ళు మూసుకొని తల ఆడిస్తున్నాడు.

"నొక్కు. ఇంకా. అరె, నన్ను ముసలోన్ని చేసి మెల్లగ నొక్కుతున్నవా? అబ్బో! ఏం పట్టు రా! రెండు వేళ్ళే గని పటకార లెక్క పడ్తున్నయి. గింత పట్టు పెట్టుకొని పని లేనట్టు ముడుసుకున్నవేంది?"

మత్తయి నవ్వలేదు గానీ ముఖంలో బిగువు సడలింది. అప్పటిదాకా మోకాలి మీద ఊరికే ఉన్న అతని కుడి చెయ్యి చిన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది పాత తాళమే. స్వర్ణలత పోల్చుకుంది.

"ఇగ చెప్పు. ఏం గావాలె?"

"తాళం నా కుడి చేతిల ఉన్నది చాచా" అన్నాడు మత్తయి. "చిన్నప్పటి సంది గాడనే ఉన్నది. గీ చెయ్యి ఖరాబైందని మంచిగున్న చెయ్యి పని గూడ గుంజుకుంటరా? దాన్నన్న దాని పని చేసుకోనియ్యిండ్రి."

"గీ మాట ఇంట్ల చెప్పినవా?"

"ఎవ్వలడిగిండ్రు?"

స్వర్ణలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట సూటిగా వచ్చి తగిలింది, తగలాల్సిందే. కానీ ఏడాదిగా అన్నం పెట్టు, నీళ్ళియ్యి అని తప్ప నోరు విప్పని మనిషి ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడాడే అని ఆమెకు సంతోషం కూడా ఆగలేదు. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ఏది ముందో తేలక వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దినట్టు చప్పుడు చేసింది.

తిరిగొచ్చేసరికి అహ్మద్ జేబులోంచి డబ్బా తీసి, అందులోని పిండిముద్దను తువ్వాల కిందికి జరుపుతున్నాడు. "గిది పట్టుకో. జారిపోనియ్యనన్నట్టు పట్టు." కాసేపటికి ముద్ద బయటికి వచ్చింది. ఒక పక్క బొటనవేలి గుంట, ఇంకో పక్క చిటికెనవేలి గుంట, నడుమ అరచేతి గీతలు, తెగిన వేళ్ళ మొదళ్ళు ఆనిన మూడు చిన్న పల్లాలు. ముసలాయన దాన్ని స్వర్ణలత చేతుల్లో పెట్టాడు.

"నీకు ఆది గావాలె గదా బేటీ. గిదీ ఆది."

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. మొగుడి చేతిని ఏడాది తర్వాత అట్లా, పిండిముద్దలో, మొదటిసారి తాకింది. ఎండిపోకుండా తడిగుడ్డ చుట్టి పెట్టింది. తెల్లారి దాన్ని రయీస్ దగ్గరికి ఎవరు తీసుకుపోయారనుకున్నారు? మత్తయే.

అక్కడి నుంచి మొదలైంది అసలు గోల. రయీస్ పాత ఆలోచన పక్కన పెట్టాడు. పెట్టె అదే ఉంచి మెడ ఊడదీసి, లావుగా, చదరంగా కొత్త మెడ పెట్టాడు. గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకోవాలి. తీగెలన్నీ కలిపి మీటితే ఒకే మేళం పలికేటట్టు ముందే బిగించి పెట్టాలి. వేళ్ళతో నొక్కే పనే లేదు. ఎడమ చేతిలో ఇత్తడి కడ్డీ ఒకటి పట్టుకొని తీగెల మీద జరుపుతూ పోతే చాలు, స్వరం దానితోపాటే జరుగుతుంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే మీటుతుంది, తాళం దానిదే. కడ్డీకి పిండిముద్ద అచ్చును చూసి టేకు పిడి చెక్కాలి.

చెప్పినంత సులువుగా అయ్యిందా? మొదటి పిడి బరువెక్కువై జారిపోయింది. రెండోది చిటికెనవేలిని కోసింది. "తీగెలు ఇంకింత లేపు" అంటాడు మత్తయి. "లేపితే మెడ వంగుతది బావా" అంటాడు రయీస్. "వంగితే నువ్వే నిలబెట్టు, నీ పని గదే గదా" అంటాడు ఇతను. కుబ్రా చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయేది గానీ వాళ్ళ వాదులాట చల్లారేది కాదు. పిడికి అరచెయ్యి ఆనేచోట గుంట కొంచెం తియ్యమని అడగాలంటే, ఎక్కడ తియ్యాలో చెయ్యి పెట్టి చూపాలి కదా. ఆ తగాదా వేడిలో మత్తయి దస్తీ విప్పి చూపించాడట. రయీస్ కూడా ఏదో చెక్కను చూసినట్టు చూసి, ఉలి అందుకున్నాడట. ఈ సంగతి కుబ్రా చెప్తేనే స్వర్ణలతకు తెలిసింది.

ఎందుకంటే మత్తయి సాధన అంతా ఆ దుకాణంలోనే. ఇంటికొస్తే మళ్ళీ దస్తీ, మళ్ళీ మౌనం. ఎంతవరకు వచ్చిందని అడగాలని ఆమె నాలుక దురదపెట్టేది. ఈసారి తనకు తెలుసుననుకోకూడదని ఒట్టు పెట్టుకుంది కాబట్టి నోరు కట్టేసుకుంది. ఈస్టర్ ముందు రోజు మాత్రం ఆగలేకపోయింది.

"రేపు గుట్ట మీదికి పోతమా? నేను పాడాల్నా, వద్దా? నువ్వే చెప్పు. నువ్వు ఎట్లంటే గట్ల."

మత్తయి దస్తీ ముడి సర్దుకున్నాడు. "పోదాం. పాట సంగతి నాకూ తెల్వదు. గాడికి పోయినంక నలుగురి ముంగట చెయ్యి లేస్తదో లెవ్వదో" అన్నాడు.

తెల్లవారకముందే గుట్ట ఎక్కారు. మోకాళ్ళ నొప్పులతో అహ్మద్ గుట్ట కిందే, కొడుకు బండి మీద కూర్చొని ఉండిపోయాడు. పైన రాళ్ళ మీద జనం సర్దుకున్నారు. మత్తయి చదునైన రాయి చూసుకొని కూర్చొని, గిటారు ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. గిటారును అట్లా చూడని జనం మెడలు సాచారు. పాస్టరయ్య ప్రార్థన ముగించి ఇతని వైపు చూశాడు. తూర్పున ఎరుపు కమ్ముతోంది. మత్తయి కదల్లేదు. దస్తీ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

స్వర్ణలతకు పోనీలే అందామా, ఇంటికి పోదామందామా అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

"స్వర్ణా" అన్నాడు మత్తయి, మెల్లగా. "గీ ముడి ఇప్పు."

రోజూ పళ్ళతో బిగించుకునే ముడి, గట్టిగా పడింది. ఒకపట్టాన రాలేదు. విప్పింది. చెయ్యి బయటికి వచ్చింది, పొద్దుటి వెలుతురులో, అందరి ముందర. ఆమె దాన్ని మొదటిసారి చూసింది. తను ఇన్నాళ్ళూ ఊహించుకొని భయపడ్డదేదీ అందులో లేదు. మానిన చెయ్యి, మత్తయి చెయ్యి. పిడి అందులో పెట్టింది. బొటనవేలూ చిటికెనవేలూ దాన్ని పట్టుకున్నాయి.

కుడి చెయ్యి మీటింది. పాత తాళమే, అదే ఊపు. కానీ ఇంతకుముందు మెట్టు మెట్టుగా ఎక్కే స్వరం ఇప్పుడు సాగుతూ, జారుతూ, గొంతుతో తీసినట్టే పైకి పోయింది. స్వర్ణలతకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. మత్తయి మళ్ళీ మొదటికొచ్చాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేలోపే మళ్ళీ దాటిపోయింది. అతను తల తిప్పకుండానే అన్నాడు.

"ఏందే, ఎన్నిమాట్ల తిప్పాలె? నీ కోసమే ఆగిన. అందుకో."

అందుకుంది. ఏడాది పాటు మూలపడ్డ గొంతు, మొదట కీచుమంది, విరిగింది. కడ్డీ కాస్త ఆగి ఆమె గొంతు కోసం చూసింది, దొరకగానే వెంట నడిచింది. రెండో చరణానికి జనమంతా కలిశారు. కింద బండి మీద కూర్చున్న ముసలాయన తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడని తర్వాత రయీస్ చెప్పాడు, ఆయన మాత్రం దుమ్ము పడిందన్నాడు.

పాట అయ్యేసరికి ఎండ రాళ్ళ మీద పరుచుకుంది. అప్పటిదాకా పిడికిట్లో నలిపేసిన దస్తీని స్వర్ణలత సాపు చేసి, కట్టమంటావా అన్నట్టు చాపింది. మత్తయి దాన్ని ఆ రెండు వేళ్ళతోనే అందుకున్నాడు. తీగెల మీది చెమటంతా శుభ్రంగా తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో పాట ఎత్తుకో" అన్నాడు.